కుక్కల చర్మముపై పరాన్నజీవులు : గుర్తించు విధము

ఇంటి కుక్క రాత్రియంతయు గోకుకొనుచుండిన యెడల, దానికి గజ్జి పట్టినదని యజమాని తలచును. పిదప కిరోసిను గాని, వాడిన ఇంజను నూనె గాని పూయుట పలుచోట్ల కానవచ్చు అలవాటు. ఈ రెండును చర్మమును పుండుపరచును. కుక్క నాకుకొనినప్పుడు విషమై లోనికి పోవును. పురుగు ఏదియో తెలియక మందు వేయుట చీకటిలో రాయి విసరుట వంటిది.

పుదుచ్చేరిలోని లాస్‌పేట సముద్రమునకు చేరువలో నున్నది. అచట వేడియు, తేమయు ఏడాది పొడవునను ఉండుటచే ఈ పురుగులకు విరామకాలము లేదు. యానాము మొదలగు చోట్లనుండి వచ్చి అచట నివసించు తెలుగువారు పిడుదు, గోమారి అను పేర్లతో ఎరిగిన పురుగును తమిళులు ఉణ్ణి అందురు. మందుల దుకాణమునకు పోవువారికి ఈ మాట తెలిసియుండుట మేలు.

పరీక్షకు పగటి వెలుతురు, తెల్లని గుడ్డ, సన్నపళ్ళ దువ్వెన చాలును. కుక్కను గుడ్డపై నిలిపి వెండ్రుకలను ఎదురుగా దువ్వుచు చెవుల లోపల, మెడ చుట్టు, చంకలలో, కాలివ్రేళ్ళ సందులలో చూడవలెను.

పిడుదు ఆకలిమీద నున్నప్పుడు గోధుమరంగున పలుచగా నుండును. రక్తము త్రాగిన ఆడపిడుదు బూడిదరంగున ఉబ్బి చిన్న ఆముదపు గింజవలె కనబడును. లాటిను భాషలో ఈ రెంటికిని రిసినుస్ అను ఒకే పేరుండుట వింత కాదు. పెద్ద పిడుదునకు ఎనిమిది కాళ్ళు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు ఆరే. ఈ పిల్లలు ఆవగింజకంటె చిన్నవి గనుక దుమ్మనుకొని విడిచిపెట్టుదురు. కడుపు నిండిన ఆడపిడుదు కుక్కను వదలి గోడ పగుళ్ళలో, తలుపు సందులలో చేరి వేలకొలది గ్రుడ్లు పెట్టును. కావున కుక్కకు మాత్రమే మందు వేసి, అది పడుకొను చోటును విడిచినచో కొలది వారములకే పిడుదులు మరల ఎక్కును. అంటుకొనిన పిడుదును సన్నని పట్టకారుతో చర్మమునకు ఆనించి పట్టి, నిదానముగా తిన్నగా లాగవలెను. అగ్గిపుల్లతో కాల్చరాదు, వ్రేళ్ళతో నలుపరాదు. తీసినదానిని స్పిరిటు సీసాలో వేసి పశువైద్యునకు చూపవచ్చును.

పశువైద్యులు ఫ్లీ అని పిలుచు గెంతుడు పురుగు చేతికి చిక్కదు. దాని మలమే దాని జాడ. దువ్వెనకు మిరియపు పొడివంటి రేణువులు వచ్చినచో తడిగుడ్డపై రాల్చవలెను. ఎఱ్ఱని మరక వ్యాపించినచో అది జీర్ణమైన రక్తము. ఈ పురుగును మింగిన కుక్కకు బద్దెపురుగు పట్టును. పొరపాటున మింగిన బిడ్డకును అంతే. పేను నెమ్మదిగా ప్రాకును. దాని గ్రుడ్లు వెండ్రుకకు అంటి విదిలించినను రాలవు. కుక్కపేను మనుష్యులపై నిలువదు.

గజ్జి కలిగించు పురుగులు కంటికి కనబడవు. వానిలో సార్కాప్టిస్ చెవి అంచులను, మోచేతులను ఆశ్రయించి తీవ్రమైన దురద పుట్టించును. చెవి అంచును వ్రేళ్ళతో రుద్దినప్పుడు కుక్క వెనుకకాలు తనంత తానుగా గోకసాగినచో ఆ అనుమానము బలపడును. ఇంటివారి చేతులపై, పొట్టపై దద్దుర్లు వచ్చుటయు కలదు. కుక్కకు నయమైన పిమ్మట అవి తగ్గును. డెమోడెక్స్ మాత్రము అట్టిది కాదు. పిల్లకుక్క కండ్ల చుట్టు, మూతి చుట్టు వెండ్రుకలు రాలును, మొదట దురద అంతగా ఉండదు, మనుష్యులకు అంటదు. ఈ రెంటిని వేరుచేయుటకు చర్మమును గీకి సూక్ష్మదర్శినితో చూడవలెను. సార్కాప్టిస్ ఆ పరీక్షలో పలుమార్లు దొరకదు. అప్పుడు వైద్యుడు లక్షణములను బట్టియే చికిత్స చేయును. ఇట్టి పరీక్షకు పుదుచ్చేరిలో 1994లో స్థాపింపబడిన పశువైద్య కళాశాల కురుంబపేటలో కలదు. కుక్కలకు వాడు పెర్మెత్రిన్ మందు పిల్లులకు ప్రాణాంతకము. ఇంట పిల్లి యున్నచో వైద్యునకు ముందే చెప్పవలెను.

పిడుదులున్న కుక్కకు జ్వరము వచ్చి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కునుండి రక్తము కారినను, మూత్రము కాఫీరంగున వచ్చినను ఒక్కదినమైనను జాగు చేయరాదు. ఆ ఇంట ఎవరికైన జ్వరము, తలనొప్పి కలిగి, అరచేతులలోను అరికాళ్ళలోను ఎఱ్ఱని మచ్చలు కనబడినచో పిడుదు టైఫస్ కావచ్చును. దీనికి డాక్సీసైక్లిన్ అను మందు కలదు. అయితే కుక్క ఒంటిపై పిడుదులున్న సంగతి డాక్టరు తనంతట ఊహింపజాలడు. రోగిని తెచ్చినవారే ముందుగా చెప్పవలెను.