మోటారు సైకిలునకు అదనపు దీపములు



పూర్వము రైతు రాత్రివేళ చేనికి పోవలసివచ్చినచో లాంతరు చేతబట్టి నడచిపోవుచుండెను. నేడు మోటారు సైకిలుపై పోవుచున్నాడు. తెల్లవారకమునుపే పాలు కేంద్రమునకు చేర్చవలెను. కరెంటు వచ్చువేళకు మోటారు వేయవలెను. వేగము పెరిగినది గాని మన గ్రామమార్గముల చీకటి తగ్గలేదు. నల్లని గేదెలు, దీపములేని ఎడ్లబండ్లు, కోతలకాలమున రోడ్డుపై ఆరబోసి, నల్లపట్టా కప్పి, చుట్టును రాళ్ళు పెట్టిన ధాన్యపు కుప్పలు – ఇవి యన్నియు రాత్రివేళ ప్రాణాపాయకరములే. ఒక రాత్రి రైతుల సభ ముగించుకొని వచ్చుచు నేను అట్టి కుప్పను పది గజముల దూరమున మాత్రమే చూడగలిగితిని. బండి జారెను, మోచేయి గీచుకొనిపోయెను, ప్రాణము దక్కెను. పిదప ఈ విషయమును శ్రద్ధతో పరిశీలించి నేర్చుకొన్న దానిని మీకు మనవి చేయుచున్నాను.

వెలుగును వేగమును: గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోవును. అడ్డమును చూచి బ్రేకు పట్టులోపల ఒకటిన్నర సెకను గడచినచో 25 మీటర్లు దాటును. పట్టిన పిదప పొడిరోడ్డుపైనను ఇంచుమించు 28 మీటర్లు పోయి గాని నిలువదు. మొత్తము 50 మీటర్లకు పైమాటయే. వేగము 40 అయినచో 30 మీటర్లలోపల నిలుచును. దీపము 35 మీటర్లు మాత్రమే చూపుచుండగా 60 వేగమున పోవుట కన్నులు మూసికొని పోవుటతో సమానము.

మొదట చేయవలసినది: క్రొత్త దీపములు కొనకమునుపు ఉన్న దీపమును సరిచూడుడు. అద్దముపై దుమ్ము తుడువుడు. తీగల కొసలు చిలుమెక్కియున్నచో శుభ్రపరుపుడు. వంగిన దీపమును సరిచేయుడు. పెక్కు బండ్లకు ఇంతమాత్రమే చాలును.

చట్టము: 1989 కేంద్ర మోటారు వాహన నియమములలో 111వ నియమము ప్రకారము రిజిస్టరు చేయు అధికారి ముందుగా అనుమతింపనిదే వాహనము ముందుభాగమున స్పాట్ లైటుగాని, సెర్చి లైటుగాని అమర్చరాదు. కావున దూరముగ సూటిగా పొడుచు దీపములను కొనవలదు. తక్కిన వానికిని ముందుగా రవాణా కార్యాలయమున విచారించుట మేలు. ముందువైపు ఎర్రదీపము ఎన్నడును పెట్టరాదు.

ఎట్టి దీపములు: వెలుగును వెడల్పుగను, నేలబారుగను పరచు 10 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు రెండు చాలును. 20 వాట్లను 12 వోల్టులచే భాగింపగా 1.7 ఆంపియర్లు వచ్చును. చిన్న బండి యీ భారమును సాధారణముగ మోయగలదు. ఎక్కువ వాట్లు పెట్టినచో బ్యాటరీ క్రుంగి, తెల్లవారుజామున బండి స్టార్టు కాదు.

అమర్చు విధము: స్విచ్చిగుండ నేరుగా దీపములకు కరెంటు పంపరాదు. మన పంపుసెట్టునకు స్టార్టరు ఎట్టిదో, దీపములకు రిలే అట్టిది. చిన్న మీటను నొక్కగా లోపలి అయస్కాంతము పెద్ద ప్రవాహమునకు దారి తెరచును. రిలేపై అంకెలుండును. 30వ కాలు బ్యాటరీకి, 87 దీపములకు, 85 బండి చట్రమునకు, 86 స్విచ్చికి కలుపవలెను. ఆ స్విచ్చికి కరెంటును హైబీము తీగనుండి తీసికొన్నచో, ఎదుట బండి వచ్చినపుడు డిప్పరు మార్చగనే అదనపు దీపములును ఆరిపోవును. బ్యాటరీకి జానెడు దూరములోపల 3 ఆంపియర్ల ఫ్యూజు తప్పక యుండవలెను. చిన్న బోదెలో పెద్ద కాలువ నీరు పట్టనట్లే సన్నని తీగలో ప్రవాహము సరిగా సాగదు, తీగ వేడెక్కును. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగ చాలును. హ్యాండిలు త్రిప్పునపుడు తీగ నలుగకుండ చూడుడు. ఈ పని తెలిసిన మెకానిక్కుచేతనే చేయింపుడు.

గురి: ఇదియే ముఖ్యము. సమమైన నేలపై గోడకు 25 అడుగుల దూరమున బండిని నిలుపుడు. అదనపు దీపము లెంత ఎత్తున నున్నవో గోడపై అంత ఎత్తున సున్నముతో గీత గీయుడు. దానికి 4 అంగుళముల దిగువ మరియొక గీత గీయుడు. వెలుగు పైఅంచు ఈ రెండవ గీతను దాటరాదు. దీపములు 2 అడుగుల ఎత్తున నున్నచో ఆ వెలుగు 150 అడుగుల కడ, అనగా 45 మీటర్ల కడ, నేలను తాకును. 40 వేగమునకు అది చాలును.

ప్రతిదినము వేయు పాలక్యాన్లను వెనుక కట్టి, మీరు కూర్చుండియే గురి చూడుడు. వెనుక బరువు పడగా ముందు దీపము పైకి లేచి ఎదుటివాని కన్నులలో పడును. కన్నులు చెదరినవాడు ఏ ఎడ్లబండికో, మన మీదికో వచ్చి తగులును.

తుదకొక మనవి. ఎంత దీపమున్నను రోడ్డుపై కుప్ప కుప్పయే. ధాన్యమును కల్లములోనే ఆరబెట్టుకొందము. ఎడ్లబండి వెనుకను, ట్రాక్టరు ట్రక్కు వెనుకను వెలుగునకు మెరయు ఎర్రపట్టీ అంటింతము. మన దీపము మనకు దారి చూపవలెనే గాని పొరుగువానికి చీకటి కాకూడదు.