నదిని బతికించే కొలువులు

మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. సూర్యాపేట పక్కనే మూసీ ప్రాజెక్టు, కోదాడకు దక్షిణాన పులిచింతల బ్యాక్‌వాటర్, మిర్యాలగూడ చుట్టూ సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. ఇన్ని నీళ్ల మధ్య పెరిగిన పిల్లలు బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే అనుకోవడం బాధగా ఉంటుంది. నదిని, దాని ఒడ్డును, ముంపు నేలను కాపాడటమూ చదువుకుని చేసే వృత్తే.

పని ఏమిటి?

మన రాష్ట్ర చేప కొర్రమీను ఒడ్డున లోతు తక్కువ నీళ్లలో, నీటి మొక్కల మధ్య గుడ్లు పెడుతుంది. గుడ్లు పైకి తేలతాయి. పిల్లలు కాస్త ఎదిగేదాకా పెద్ద చేపలు కాపలా కాస్తాయి. శుభ్రం చేస్తున్నామని చెరువు అంచంతా చెక్కేస్తే ఆ గూడు పోతుంది. బొచ్చె, రోహు తీరు వేరు. అవి వానాకాలపు పారే వరదలో గుడ్లు పెడతాయి, నిలవ నీటిలో పెట్టవు. ఏ చేపకు ఎప్పుడు, ఎలాంటి నీరు కావాలో తేల్చడం ఈ వృత్తిలోని నిపుణుల పని. గట్టును పట్టి ఉంచే తెల్లమద్ది, కానుగ, నేరేడు పెంచాలి. సర్కారు తుమ్మను, గుర్రపుడెక్కను అదుపు చేయాలి. కొంగలు గూళ్లు కట్టే చెట్లను కాపాడాలి.

ఏం చదవాలి?

ఇంటర్ బైపీసీ తర్వాత ఈఏపీసెట్ ర్యాంకుతో నాలుగేళ్ల మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్‌ఎస్సీ చేయొచ్చు. వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలో బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. జువాలజీ, బాటనీతో డిగ్రీ చేసినవారు పీజీకి వెళ్లొచ్చు. పైచదువులకు ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ (సీఐఎఫ్‌ఈ), డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ పేరున్నవి.

అవకాశాలు

ఈ పనికి ఒకే పేరుతో నోటిఫికేషన్ రాదు. మత్స్యశాఖలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్, అటవీశాఖలో బీట్, సెక్షన్, రేంజ్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి. యూపీఎస్సీ ద్వారా భారత అటవీ సర్వీసు (ఐఎఫ్‌ఎస్) మరో దారి. హైదరాబాద్‌లోని జాతీయ మత్స్యాభివృద్ధి బోర్డు, కాలుష్య నియంత్రణ మండలి, పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేసే సంస్థలు, స్వచ్ఛంద సంస్థల మీదా కన్నేసి ఉంచండి.

ఇప్పుడే మొదలుపెట్టండి

జనవరిలో జరిగే నీటిపక్షుల గణనలో పాల్గొనండి. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌తో మ్యాపులు గీయడం నేర్చుకోండి. మీ ఊరి మత్స్యకారుల సొసైటీ సభ్యులతో కూర్చుని, ఒకప్పుడు వలలో పడి ఇప్పుడు కనబడని చేపలేవో రాసుకోండి. డిగ్రీ పట్టాతో పాటు ఆ నోట్‌బుక్కూ ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. మన నదికి మన పిల్లలే నిపుణులు కావాలి.