ఖాళీ డబ్బా

ఆఫీసు పనిచోటు. ఫ్యాక్టరీ పనిచోటు. మిరప తోట కూడా పనిచోటే. ఏన్కూరు చుట్టుపక్కల చాలామందికి చేనే పనిచోటు. పని జరిగిన ప్రతి చోటా ఏదో ఒకటి మిగులుతుంది. చేలో ఏం మిగులుతుంది? పత్తి కట్టె, యూరియా సంచులు, విత్తనాల ప్యాకెట్లు, మందు డబ్బాలు.

ఒకరోజు ఒక తోటలో మందు కొట్టడం అయిపోయింది. గట్టు మీద నాలుగు ఖాళీ డబ్బాలు పడి ఉన్నాయి. కూలికి వచ్చిన ఒకామె వాటిలో మంచిదాన్ని ఏరుకుంది. మూత గట్టిగా ఉంది.

"బాబాయ్, ఈ డబ్బా నాకియ్యవా? కడుక్కొని నూనె పోసుకుంటా" అని రైతును అడిగింది.

"తీసుకపో అమ్మా, నాకెందుకది" అన్నాడు రైతు.

పక్కనే ఇంకో కూలి మనిషి ఉంది. ఆమె ఈమధ్యనే చదవడం నేర్చుకుంది. డబ్బా అందుకొని కూడబలుక్కుంటూ చదివింది. "వి... షం. విషం." పక్కన పుర్రె బొమ్మ ఉంది.

"వదినా, ఇందులో నూనె పోస్తావా? పిల్లలు తినే నూనె?" అంది.

"సబ్బు పెట్టి కడుగుతా కదా!"

"కడిగితే పోదు వదినా. ప్లాస్టిక్కు మందును పీల్చుకుంటది."

ఆమె చెప్పింది నిజం. బీహార్ రాష్ట్రంలో సారణ్ జిల్లా ఉంది. అక్కడ గండామన్ అనే ఊరి బడిలో 2013 జూలై 16న పిల్లలు మధ్యాహ్న భోజనం తిన్నారు. 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షలో తేలింది. పత్తి రైతులకు ఆ మందు పేరు బాగా తెలుసు. పురుగుమందు డబ్బాలో నూనె ఉంచారని అధికారులు చెప్పారు. ఒక్క డబ్బా!

డబ్బా మీద డైమండు ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో రంగు చూడాలి. ఎరుపు అన్నిటికంటే ఎక్కువ విషం. తరువాత పసుపు, ఆ తరువాత నీలం. ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఆకుపచ్చ ఉంది కదా అని ఆ డబ్బాలో మంచినీళ్లు పోసుకోకూడదు. అది కూడా మందే.

మరి ఖాళీ డబ్బాను ఏం చేయాలి? మందు కలిపేటప్పుడే పని మొదలుపెట్టాలి. చేతులకు తొడుగులు ఉండాలి. డబ్బా ఖాళీ కాగానే పావు వంతు నీళ్లు పోయాలి. మూత బిగించి అర నిమిషం ఊపాలి. ఆ నీళ్లను పంపులోనే పోయాలి. ఇలా మూడుసార్లు చేయాలి. అడుగున అంటుకున్న మందు కూడా పైరుకే పోతుంది. డబ్బు పెట్టి కొన్న మందు కదా, గట్టు మీద పారబోయడం దేనికి? డబ్బాను గాని పంపును గాని వాగులో కడగకూడదు. ఆ నీళ్లే గొడ్లు తాగుతాయి.

తరువాత డబ్బాకు చిల్లులు పెట్టాలి. ఖాళీ డబ్బాలను పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పూడ్చాలని 1971 నాటి పురుగుమందుల నియమాలు చెబుతున్నాయి. మళ్లీ ఎవరూ వాడకుండా ఉండాలనే ఈ నియమం. బావికి, బోరుకు, వాగుకు దూరంగా పూడ్చాలి. కాల్చకూడదు. ఆ పొగ కూడా విషమే. ప్లాస్టిక్కు చుట్టి సరుకు అమ్మిన కంపెనీలు ఆ ప్లాస్టిక్కును తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలని 2016 నియమాలు చెబుతున్నాయి. కాబట్టి డబ్బాలు వెనక్కి తీసుకుంటారా అని మందుల షాపులో అడగవచ్చు. పదిమంది రైతులు కలిసి అడిగితే ఇంకా మంచిది.

మిగిలినవన్నీ పారేయాల్సినవి కావు. భద్రాచలం దగ్గర సారపాకలో కాగితం మిల్లు ఉంది. జామాయిల్, సుబాబుల్ కర్రను అక్కడ మందులు వేసి ఉడికిస్తారు. గుజ్జు తీశాక నల్లటి నీరు మిగులుతుంది. దాన్ని చిక్కగా కాచి బాయిలర్‌లో మండిస్తారు. మిల్లుకు కావలసిన ఆవిరి వస్తుంది. కర్ర ఉడికించిన మందులు కూడా చాలావరకు మళ్లీ చేతికొస్తాయి. పాల్వంచ కరెంటు కేంద్రంలో బొగ్గు కాలితే బూడిద మిగులుతుంది. అలాంటి బూడిదతో ఇటుకలు చేస్తారు. పత్తి కట్టె కూడా అంతే. యంత్రంతో ముక్కలు చేసి దున్నితే భూమికి బలం. యూరియా సంచులు కుట్టి పట్టా చేసుకుంటారు. అది మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పలేదు! అయితే ఆ పట్టా మీద తిండి గింజలు ఆరబోయకూడదు.

ఆ సాయంత్రం రైతు కొడవలి తీసుకున్నాడు. నాలుగు డబ్బాలకూ చిల్లులు పొడిచాడు.

"మంచి డబ్బా పాడుచేశావు బాబాయ్" అంది మొదటి ఆమె. ఆమెకు ఇంకా మనసు ఒప్పలేదు.

"నూనెకు నేను సీసా కొనిస్తలే అమ్మా" అన్నాడు రైతు.

మాట్లాడుకోండి:
మీ ఇంట్లో మందు డబ్బాలో ఏమైనా పోసి ఉంచారా? ఇవాళ వెతికి చూడండి.
మీ ఊళ్లో పంపులు ఎక్కడ కడుగుతున్నారు?