కంప్యూటరులోని "ప్రాక్" : నడచు పనులను చదువు విధము

విద్యార్థులకు కంప్యూటరు పాఠము చెప్పునపుడు యంత్రము నెట్లు తెఱవవలెను, ఉత్తరము నెట్లు టైపు చేయవలెను, లెక్కల పట్టిక నెట్లు నింపవలెను అనునవి నేర్పి ఊరకుండుట పరిపాటి యైనది. యంత్రము లోపల ఆ క్షణమున ఏమి జరుగుచున్నదో చూచు మార్గము కలదని చెప్పువారు అరుదు. మా కాటన్‌పేట పాఠశాలలోని పాత యంత్రములు లినక్సు అను ఆపరేటింగు సిస్టముతో నడచుచున్నవి. అందు "/ప్రాక్" అను పేరుగల డైరెక్టరీ యొకటి కలదు. ఏ సాధనమును వెలపెట్టి కొనకయే, కేవలము చదువుటచేత, యంత్రము లోపలి సంగతులు తెలిసికొనుటకు అది వాకిలి వంటిది. దానినిగూర్చి పై తరగతులవారికి బోధపడునట్లు ఈ వ్యాసమున వివరింప నెంచితిమి.

ముందుగా ప్రోగ్రామునకును ప్రాసెసునకును గల భేదమును గ్రహింపవలెను. హరికథా పుస్తకము బీరువాలో నుండుట వేఱు. భాగవతారు చిడతలు చేతబట్టి కథ చెప్పుచుండుట వేఱు. ఒకే పుస్తకమునుబట్టి ఒకే రాత్రి కాటన్‌పేటలో నొకరును చిక్‌పేటలో నొకరును కథ చెప్పవచ్చును. ఒకరు సగము కథలో నుండగా మఱొకరు మంగళము పాడుచుండవచ్చును. పుస్తకము ప్రోగ్రాము వంటిది. అది డిస్కుపై కదలక పడియుండును. జరుగుచున్న కథ ప్రాసెసు వంటిది. దానికి ఆరంభము కలదు, ముగింపు కలదు, ఇప్పుడు ఎంతవరకు వచ్చినదను స్థితి కలదు. ఇట్టి ప్రాసెసులు ఒక సామాన్య యంత్రములో నూటికి పైగా నుండుట వింత కాదు. వీని నన్నిటిని నడపుచు, ఎవరికెంత మెమరీ, ఎవరికెంత కాలము అని పంచిపెట్టు పెద్దకు కెర్నెలు అని పేరు.

ఇక చిక్కెచ్చట ననగా, ఫైలును తెఱచి చదువవచ్చును గాని, జరుగుచున్న పనిని తెఱచి చదువుట యెట్లు? అమెరికాలోని బెల్ లాబొరేటరీలలో 1969వ సంవత్సరమున కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్సును ఆరంభించినపుడు, ప్రింటరు, టెర్మినలు వంటి పరికరములను గూడ ఫైళ్ల వలెనే తెఱచి చదువుటకు, వ్రాయుటకు వీలు గల్పించిరి. కాని ప్రాసెసులు మాత్రము ఆ పంక్తిలో చేరలేదు. ప్రాసెసుల జాబితాను చూపు "పీఎస్" అను ప్రోగ్రాము కెర్నెలు మెమరీలోనికి నేరుగా తొంగిచూచి, ఏ సమాచారము ఎచ్చట నున్నదో లెక్కగట్టి తీసికొనవలసి వచ్చెడిది. అందులకు దానికి సామాన్యులకు లేని అధికారము నీయవలసియుండెను. కెర్నెలులో నమరిక మాఱినచో పీఎస్‌ను మరల సిద్ధము చేసికొనవలెను. గోడకు కన్నము వేసి పక్కయింటి సంగతులు చూచుట వంటి పద్ధతి యిది.

దీనికి మాఱుగా, బెల్ లాబొరేటరీలకే చెందిన టామ్ కిలియన్ అను నాయన 1984లో ఒక వ్యాసము ప్రకటించెను. దాని పేరును తెలుగున "ఫైళ్లుగా ప్రాసెసులు" అనవచ్చును. ప్రతి ప్రాసెసునకు /ప్రాక్ అను డైరెక్టరీలో దాని సంఖ్యయే పేరుగా ఒక ఫైలు కనబడును. దానిని తెఱచినచో ఆ ప్రాసెసు మెమరీ కనబడును. యూనిక్సు ఎనిమిదవ కూర్పులో ఇది వెలసినది. అటుపిమ్మట ఆ సంస్థవారే నిర్మించిన "ప్లాన్ 9" అను సిస్టములో ప్రాసెసునకు ఒక ఫైలు గాక ఒక డైరెక్టరీనే యిచ్చి, స్థితికొకటి, మెమరీకొకటి, ఆజ్ఞల కొకటి అని ఫైళ్లు విభజించిరి. ఆజ్ఞల ఫైలులో "కిల్" అని వ్రాసినచో ఆ ప్రాసెసు ముగియును! లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సునకు మఱుసటి సంవత్సరమే /ప్రాక్ సంక్రమించినది. నేడు మనము చూచుచున్నది ఈ శాఖ.

అయితే ఈ ఫైళ్లు డిస్కుపై ఎచ్చట నున్నవి? ఎచ్చటను లేవు. విద్యార్థులు మిక్కిలి తికమకపడు చోటు ఇదియే గనుక కొంచెము నిదానముగా చెప్పెదము.

మన పాఠశాల కార్యాలయపు కిటికీ యొద్దకు పోయి "పోయిన సంవత్సరపు పరీక్షాఫలితముల పట్టిక కావలెను" అని యడిగినచో గుమాస్తాగారు బీరువా తెఱచి, ఉన్న కాగితమును తెచ్చి యిత్తురు. "ఈ క్షణమున ఎనిమిదవ తరగతిలో ఎందఱున్నారు?" అని యడిగినచో బీరువాలో అట్టి కాగితము లేదు. ఆయన తరగతికి పోయి, తలలు లెక్కించి, ఒక చీటీపై వ్రాసి తెచ్చి యిత్తురు. కిటికీ యీవల నిలిచిన వానికి రెండును కాగితములే. మొదటిది భద్రపఱచినది, రెండవది అడిగినందున పుట్టినది. కెర్నెలులో గూడ అట్టి కిటికీ యొకటి కలదు. దానిని వర్చువల్ ఫైల్ సిస్టము అందురు. "తెఱువుము, చదువుము, వ్రాయుము, మూయుము" అను కోరికలన్నియు అచ్చటికే వచ్చును. ఫైలు దారినిబట్టి కొన్ని కోరికలు డిస్కునకు, కొన్ని పెన్‌డ్రైవునకు పోవును. /ప్రాక్‌తో మొదలగు దారియైనచో కెర్నెలే తన లెక్కలను చూచి, అప్పటికప్పుడు అక్షరములుగా వ్రాసి యందించును. అందుచేతనే "ఎల్‌ఎస్" ఆజ్ఞతో జాబితా చూచినపుడు ఇందలి ఫైళ్లలో పెక్కింటి పరిమాణము సున్న అని కనబడును. వ్రాయని చీటీకి పరిమాణమేమి చెప్పగలము?

పరీక్షించి చూడుడు. "క్యాట్ /ప్రాక్/అప్‌టైమ్" అని కొట్టినచో రెండు సంఖ్యలు వచ్చును. (క్యాట్ అనగా ఇచట పిల్లి కాదు, వరుసగా కూర్చుట అను అర్థముగల పెద్ద ఇంగ్లీషు మాటకు కుదింపు.) మొదటిది యంత్రము మేల్కొని ఎన్ని సెకనులైనదో చెప్పును. మరల కొట్టిన సంఖ్య పెరిగియుండును. ఎవరును ఆ ఫైలులో వ్రాయలేదు. మనము అడిగిన క్షణము మాఱినది, అంతియే. తరువాత "క్యాట్ /ప్రాక్/సెల్ఫ్/స్టేటస్" అని కొట్టుడు. "సెల్ఫ్" అనగా చదువుచున్న ప్రాసెసు తానే. కావున "నేమ్" అను పంక్తియెదుట క్యాట్ అనియే వచ్చును. అద్దములో చూచుకొన్నట్లు క్యాట్ తన్ను తానే చదువుకొనినది. మా తొమ్మిదవ తరగతి బాలికలు దీనిని చూచి చాలసేపు నవ్విరి.

స్టేటస్ ఫైలులో "స్టేట్" అను పంక్తిని ప్రత్యేకముగ గమనింపవలెను. ఆర్ అను అక్షరమున్న నడచుచున్నది లేక వంతుకై సిద్ధముగ నున్నది. ఎస్ అను అక్షరమున్న ఏదో జరుగుటకై నిద్రించుచు వేచియున్నది. యంత్రములోని ప్రాసెసులలో అధికభాగము ఎప్పుడును నిద్రలోనే యుండును. ఇది సోమరితనము కాదు. డి అనునది డిస్కు వంటి పరికరముకొఱకు లేపరాని నిద్రలో నున్నదని తెలుపును. జెడ్ అనగా జాంబీ. పని ముగిసిపోయినది గాని పేరింకను జాబితాలో నున్నది. పాఠశాల విడిచి పోయిన బాలుని పేరు, తరగతి ఉపాధ్యాయుడు చూచి కొట్టివేయువఱకు హాజరుపట్టీలో మిగిలియున్నట్లే, ముగిసిన ప్రాసెసు పేరు దానిని పుట్టించిన ప్రాసెసు వచ్చి ఫలితమును గైకొనువఱకు నిలిచియుండును. పుట్టించినది ఎవరో "పీపిడ్" అను పంక్తి చెప్పును. ఆ వంశావళిని పట్టుకొని పైకి పోయినచో తుదకు 1 అను సంఖ్యగల ప్రాసెసో, కెర్నెలు స్వయముగ పుట్టించిన పనియో తగులును.

మెమరీ విషయము గూడ చెప్పవలెను. ఇందు మాకు డబ్బుతో పని పడినది. మా యంత్రములు నెమ్మదించినవని ఒక మరమ్మతుదారుని పిలువగా, ఆయన "ఖాళీ మెమరీ దాదాపు లేదు, క్రొత్తవి కొనుడు" అని తేల్చెను. /ప్రాక్/మెమ్‌ఇన్ఫో అను ఫైలును చదువగా "మెమ్‌ఫ్రీ" అను పంక్తిలో నిజముగనే స్వల్పముగ నుండెను. కాని లినక్సు వాడని మెమరీని ఊరక యుంచదు. డిస్కునుండి చదివిన వానిని మరల త్వరగా అందించుటకై అందు దాచును, ఎవరైన అడిగినచో ఖాళీ చేసి యిచ్చును. కావున చూడవలసినది మెమ్‌ఫ్రీ కాదు, "మెమ్‌అవైలబుల్" అను పంక్తి. 2014లో కెర్నెలువారు ఆ పంక్తిని చేర్చిరి. మేము ప్రాసెసు ప్రాసెసునకు స్టేటస్‌లోని "వీఎమ్‌ఆర్‌ఎస్‌ఎస్" పంక్తిని, అనగా ఆ ప్రాసెసు వాస్తవముగ ఆక్రమించిన మెమరీని, విద్యార్థులచే పట్టికగా వ్రాయించితిమి. బ్రౌజరులో తెఱచి మూయక విడిచిన పేజీలే సగము మెమరీని తినుచుండెను. దాతల సొమ్ము మిగిలినది. ఆ సొమ్ముతో నిఘంటువులు కొంటిమి.

ఇచట భాషనుగూర్చి ఒక మాట. మన పిల్లలకు ఇంట తెలుగు, వీథిలో కన్నడము, యంత్రములో ఇంగ్లీషు. లినక్సు ముఖమును తెలుగున జూపుటకు హైదరాబాదులోని స్వేచ్ఛవంటి సంస్థలు శ్రమించినవి. కాని /ప్రాక్‌లోని పంక్తుల పేర్లు ఇంగ్లీషులోనే యుండును. ఏలననగా వానిని మనుష్యులు మాత్రమే గాక పీఎస్ మొదలగు ప్రోగ్రాములును చదువుచున్నవి; ఒక పేరు మార్చినచో అవి తప్పుదారి పట్టును. మనుష్యులు చదువుటకు వీలుగా సంఖ్యలను అక్షరములుగా వ్రాయుట, ప్రోగ్రాములు వానిని మరల సంఖ్యలుగా మార్చుకొనుట వ్యర్థశ్రమ యని యాక్షేపించువారును కలరు. వారి మాటలో సత్యము లేకపోలేదు. ఓపెన్‌బీఎస్‌డీ అను సిస్టమువారు 2015లో ప్రాసెసుల ఫైల్ సిస్టమునే తొలగించిరి. అయినను విద్యార్థి కంటికి తేటగా కనబడు అక్షరములే మేలని మా తలంపు. గోడపై అతికించిన పట్టికలో ప్రతి పేరునకు ఎదురుగ తెలుగు అర్థము వ్రాసి యుంచితిమి.

ప్రతి ప్రాసెసు డైరెక్టరీలోను "ఎఫ్‌డీ" అను మఱొక చిన్న డైరెక్టరీ యుండును. ఆ ప్రాసెసు తెఱచియుంచిన ఫైళ్లన్నియు అందు సంఖ్యలతో కనబడును. దాని విలువ మాకు గడచిన సంవత్సరము తెలిసివచ్చినది. మా పాఠశాలలో చిరకాలము తెలుగు బోధించి, తరువాత స్వర్గస్థులైన ఒక పండితులవారి పద్యపఠనము, గంటకు పైగా నిడివి గలది, ఒకే యంత్రములో భద్రపఱచియుంటిమి. విద్యార్థులు దానిని వినుచుండగా, ఒక బాలుడు వేఱొక ఫైలనుకొని చెత్తబుట్టకు గూడ పోని విధమున దానిని తుడిచివేసెను. మఱొక ప్రతి ఎచ్చటను లేదు. కాని పండితులవారి కంఠము ఆగలేదు, వినబడుచునే యుండెను! పదవ తరగతి బాలిక యొకతె "ఎవరును దానిని ఆపవలదు" అని కేకవేసినది.

ఆమె కేకకు కారణమిది. ఫైలును తుడుచుట యనగా ముందుగా డైరెక్టరీనుండి దాని పేరును తీసివేయుట మాత్రమే. ఏ ప్రాసెసైనను దానిని తెఱచి పట్టుకొనియున్నంతవఱకు లోని సరకు డిస్కుపైననే యుండును. పట్టు విడిచిన పిమ్మటనే ఆ చోటు ఇతరులకు పోవును. ఆమె పీఎస్‌తో పాటలు వినిపించు ప్రాసెసు సంఖ్యను కనుగొని, ఆ సంఖ్యగల డైరెక్టరీలోని ఎఫ్‌డీని చూడగా, ఒక అంకె యెదుట మన ఫైలు పేరును, దాని ప్రక్క "డిలీటెడ్" అను మాటయు కనబడెను. "సీపీ" ఆజ్ఞతో ఆ అంకెగల దానిని క్రొత్త పేరుతో నకలు చేసినది. మొత్తము పఠనము దక్కినది. ఇప్పుడు మూడు చోట్ల ప్రతులున్నవి.

వాకిలి తెఱచియున్నపుడు ఎవరెవరు చూడవచ్చునను ప్రశ్న కలుగక మానదు. "కమ్‌డ్‌లైన్" అను ఫైలులో ప్రాసెసును ఏ మాటలతో ఆరంభించిరో ఆ మాటలన్నియు నుండును (మధ్య ఖాళీలు కనబడక మాటలు అతుకుకొనినట్లు తోచును). సామాన్యముగ దానిని ఆ యంత్రమును వాడు ఎవరైనను చదువవచ్చును. కావున పాస్‌వర్డును ఆజ్ఞలోనే టైపు చేసినచో, ఆ పని నడచినంతసేపును అది పదిమందికి కనబడును. మార్కుల లెక్కలున్న యంత్రమును విద్యార్థులును వాడుచోట ఇది చిన్న విషయము కాదు. "ఎన్విరాన్" వంటి కొన్ని ఫైళ్లను మాత్రము సొంతదారునకు, యంత్రాధికారికి తప్ప ఇతరులకు చూపరు. ఇతరుల ప్రాసెసులనే మఱుగుపఱచుటకు 2012లో లినక్సున "హైడ్‌పిడ్" అను ఏర్పాటు వచ్చినది. దాని విలువ 2 గా నుంచినచో ఒకరి ప్రాసెసుల సంఖ్యలుగూడ మఱొకరి కంటబడవు.

తల్లిదండ్రుల చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులలో నున్నదియు లినక్సు కెర్నెలే. పూర్వము వానిలో ఒక యాప్, తక్కిన యాపులలో ఏవి నడచుచున్నవో /ప్రాక్ చదివి తెలిసికొనగలిగెడిది. అనగా ఫోను సొంతదారుడు ఏ బ్యాంకు యాప్ తెఱచెనో ఆటల యాప్ కనిపెట్టవచ్చును. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ ఏడవ కూర్పునుండి హైడ్‌పిడ్‌ను 2 గా నుంచి ఆ దారి మూసిరి. మా ప్రయోగశాలలో మార్కులున్న యంత్రమునకు ఇదియే నియమము చేసితిమి. తక్కిన యంత్రములలో, పిల్లలు ఒకరి ప్రాసెసుల నొకరు చదివి నేర్చుకొనుటకై, వాకిలి తెఱచియే యుంచితిమి.