వాహనంపై యాంటెన్నా: ఎత్తుకు హద్దు ఎంత?

ఈ సమాధానాలకు ఆధారం మోటారు వాహనాల చట్టం, 1988 (ఇకపై ‘చట్టం’), కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989. ‘మొత్తం ఎత్తు’ అంటే వాహనం నిలిచిన తలం నుంచి దాని పైకొస వరకు నిలువు కొలత.

1. యాంటెన్నాకు ఎత్తు పరిమితి ఎక్కడుంది?
నియమం 93 వాహనం మొత్తం ఎత్తుకు పరిమితి విధిస్తుంది. డబుల్ డెక్కర్ కాని వాహనానికి 1989 నాటి పాఠంలో 3.8 మీటర్లు, 2020 సవరణతో సరుకు రవాణా వాహనాలకు 4 మీటర్లు. డబుల్ డెక్కర్‌కు 4.75 మీటర్లు. మీ వాహన వర్గానికి వర్తించే అంకెను తాజా పాఠంలో సరిచూసుకున్నాకే యాంటెన్నా బిగించండి.

2. మొత్తం ఎత్తులో యాంటెన్నా కలుస్తుందా?
కలుస్తుందనే భావించి నడుచుకోవడం క్షేమం. కారు ఎత్తు 1.5 మీటర్లు అనుకుందాం. 28 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగ యాంటెన్నా సుమారు 2.5 మీటర్లు, పైకప్పుపై నిలిపితే మొత్తం ఎత్తు 4 మీటర్లకు చేరుతుంది. 144 మెగాహెర్ట్జ్‌కైతే అర మీటరు చాలు.

3. హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు ఉంటే మినహాయింపు వర్తిస్తుందా?
వర్తించదు. ఆ లైసెన్సు రేడియో ప్రసారానికే. అగ్నిమాపక నిచ్చెన వాహనాలు, రిజిస్టరింగ్ అథారిటీ సాధారణ లేదా ప్రత్యేక ఉత్తర్వుతో మినహాయించిన ప్రత్యేక ప్రయోజన వాహనాలు మాత్రమే నియమం 93లోని ఎత్తు పరిమితికి అతీతం.

4. ముందస్తు అనుమతి అవసరమా?
వాహన నిర్మాణంలో మార్పు జరిగి, దాని మౌలిక లక్షణం మారితే అది సెక్షన్ 52 కింద ‘మార్పు’. అయస్కాంతంతో అంటించి తీసేసే చిన్న యాంటెన్నా సాధారణంగా ఆ కోవలోకి రాదు. పైకప్పు కోసి స్తంభం వెల్డింగ్ చేయిస్తే రావచ్చు. కాబట్టి ముందే రిజిస్టరింగ్ అథారిటీని లిఖితపూర్వకంగా అడగండి. అనుమతి లేకుండా మార్పు జరిగి ఉంటే 14 రోజుల్లోగా తెలియజేసి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (ఆర్‌సీ) సమర్పించాలి. అయితే, తెలియజేసినంత మాత్రాన నిషిద్ధమైన మార్పు చట్టబద్ధం కాదు.

5. అథారిటీ ఉత్తర్వు నాకు వ్యతిరేకంగా వస్తే?
సెక్షన్ 52 కింద ఇచ్చిన ఉత్తర్వుపై సెక్షన్ 57 ప్రకారం, నోటీసు అందిన తేదీ నుంచి 30 రోజుల్లోగా నిర్దేశిత అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. నోటీసు అందిన తేదీకి రుజువు భద్రపరచుకోండి.

6. ఉల్లంఘిస్తే శిక్ష ఏమిటి?
చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి సెక్షన్ 182ఏ(4) కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ.

7. పరిమితిలో ఉంటే ఎక్కడికైనా వెళ్లవచ్చా?
వెళ్లకూడదు. విద్యుదీకరించిన రైలు మార్గాల లెవల్ క్రాసింగుల దగ్గర హైట్ గేజ్ సాధారణంగా 4.67 మీటర్లు, పైన తీగలో 25,000 వోల్టులు. వంతెనల దగ్గర బోర్డుపై ఉన్న అంకె ఇంకా తక్కువ కావచ్చు; అక్కడ ఆ అంకెనే పాటించాలి. పైకి సాగే స్తంభాన్ని, తలపైన విద్యుత్ తీగలు లేవని చూసుకుని, వాహనం ఆగి ఉన్నప్పుడే ఎత్తండి. కదలడానికి ముందు పూర్తిగా దించి, దిగినట్టు కళ్లారా చూసుకోండి.