నలువురి సమభాగము : ఆర్.ఇ.ఎం. సంగీతబృందము

"ఇండీ" యనునది "ఇండిపెండెంట్" అను నాంగ్లపదమునకు సంక్షేపరూపము. గొప్ప కంపెనీల యాశ్రయము లేక, చిన్న కంపెనీల మూలమున తమ రాక్ సంగీతమును వెలువరించు బృందములకు మొదట నీ పేరు గలిగెను. అట్టివానిలో ఆర్.ఇ.ఎం. బృందముయొక్క ప్రారంభచరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఏథెన్సు అను పట్టణము కలదు. అచట నొక విశ్వవిద్యాలయమున్నది. ఆ యూర గ్రామఫోను రికార్డుల దుకాణములో పనిచేయుచుండిన పీటర్ బక్కునకును, మైకేల్ స్టైపునకును అచటనే స్నేహము గలిగెను. హైస్కూలు దినములనుండియు కలిసి వాయించుచుండిన మైక్ మిల్సును, బిల్ బెరీయు వారితో జేరిరి. స్టైపు గాయకుడు, బక్కు గిటారును, మిల్సు బేసు గిటారును, బెరీ డ్రమ్ములను వాయించువారు. 1980 ఏప్రిల్ 5వ తేదీన, ఆరాధనలు నిలిచిపోయిన యొక పాత దేవాలయములో, స్నేహితురాలి జన్మదినపు విందునందు వీరు మొదటిసారి పాడిరి. నాటికి బృందమునకు పేరైనను స్థిరపడలేదు. పిమ్మట నిఘంటువునుండి యీ మూడక్షరములను గ్రహించిరి.

పాత మోటారుబండిలో ఊరూర తిరుగుచు, భోజనమునకు మనిషికి దినమునకు 2 డాలర్లతో సరిపెట్టుకొనిరి. 1981లో హిబ్-టోన్ అను చిన్న కంపెనీ వీరి తొలి రికార్డును మొదట 1,000 ప్రతులు వెలువరించెను. దానిపై కంపెనీ చిరునామాయైనను లేదు. అయినను ప్రతులు త్వరలో చెల్లిపోగా, మరి 6,000 ముద్రింపవలసివచ్చెను.

1982లో ఐ.ఆర్.ఎస్. కంపెనీతో ఒడంబడిక జరిగెను. మొదటి పెద్ద రికార్డునకై కంపెనీవారు నియమించిన నిర్మాత, ఒకే పాటను పలుమారులు వాయింపించి, వేరు వాద్యములను చేర్చెను. అది తమ స్వభావమునకు సరిపడదని, వీరు తమ తొలి రికార్డును చేసిన మిచ్ ఈస్టరును కోరిరి. అట్లు సిద్ధమైన "మర్మర్" 1983లో వెలువడి, "రోలింగ్ స్టోన్" పత్రికచే ఆ సంవత్సరపు ఉత్తమ రికార్డుగా నెన్నబడెను.

ధనము, కీర్తి వచ్చినపుడు అనేక బృందములు "ఈ పాట యెవరిది?" అను వివాదముచేతనే చీలిపోవును. వీరో, పాటకు మూలము ఎవరైనను, నలువురి పేళ్లను చేర్చి, ఆదాయమును సమముగా పంచుకొనిరి. ఒక్కడు వలదన్నను ఆ పని మానుచుండిరి. 1997లో బెరీ విరమించెను. తక్కిన మువ్వురు 2011లో కలహము లేకయే బృందమును ముగించిరి. బీదతనమున చేసికొన్న న్యాయమైన కట్టుబాటు కలిమిలో కాపాడునని వీరి చరిత్రము తెలుపుచున్నది.