శంషాబాద్‌లో దిగిన విజేతలు: పోటీ పరీక్షలకు క్రీడా అవగాహన

గ్రూప్స్‌కో పోలీసు పరీక్షలకో చదివేవాళ్లు క్రీడల్ని ఎక్కువగా పట్టికలు చూసి బట్టీ పడతారు. ఒక గడిలో పేరు, పక్క గడిలో పతకం, ఆ పక్కన సంవత్సరం. తీరా పరీక్ష హాల్లో కూర్చున్నాక నాలుగు జవాబులూ సరైనవే అనిపిస్తాయి. విజేత ఎక్కడ పుట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరి చేతిలో ఓడి ఎవరిని ఓడించారు అన్నది తెలిస్తే సంవత్సరాలు వాటంతటవే గుర్తుండిపోతాయి. అందుకే ఇక్కడ పట్టిక ఇవ్వడం లేదు. తెలుగు నేల విజేతలు కొందరి ప్రయాణాన్ని చెబుతున్నాం. పతకంతో వచ్చినప్పుడు ఊరు వాళ్లకు ఎదురెళ్లే చోటు శంషాబాద్ కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

శంషాబాద్ కంటే ముందు

రంగారెడ్డి జిల్లా శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి 2008 మార్చి 14న ప్రారంభోత్సవం జరిగింది. మార్చి 23 నుంచి విమానాల రాకపోకలు మొదలయ్యాయి. అంతవరకు హైదరాబాద్‌కు బేగంపేట విమానాశ్రయమే దిక్కు. మెహిదీపట్నం నుంచి విమానాశ్రయం దారిలో ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరులో అందుబాటులోకి వచ్చింది.

బేగంపేట రోజుల నాటి పేర్లలో రెండు తప్పనిసరిగా తెలియాలి. మొదటిది కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆమెది. 1994, 1995 ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో 54 కిలోల విభాగంలో స్వర్ణాలు గెలిచారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ను తొలిసారి చేర్చారు. అందులో 69 కిలోల విభాగంలో సెప్టెంబరు 19న కాంస్యం సాధించి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. స్వర్ణ, రజత విజేతలిద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. మల్లీశ్వరి చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లారు. అది నిలబడి ఉంటే స్వర్ణమే. కాంస్యం ఖాయమైనా ఆగకుండా స్వర్ణం బరువు అడగడానికి ఎంత గుండె కావాలి! ఆ ప్రయత్నం విఫలమైనా ఆమె కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్‌గా నియమితులయ్యారు. ఇదీ ప్రశ్నగా వచ్చే సమాచారమే.

రెండో పేరు పుల్లెల గోపీచంద్. 1973 నవంబరు 16న ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. 2001లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించారు. 1980లో ప్రకాశ్ పడుకోణె గెలిచాక మళ్లీ ఆ టైటిల్ భారత్‌కు తెచ్చింది ఆయనే. తర్వాత శీతల పానీయం ప్రకటన చేయమంటే కాదన్నారు. తాను తాగనిది పిల్లలకు అమ్మనన్న ఆ పట్టుదల ఆయన ఎలాంటి మనిషో చెబుతుంది.

గచ్చిబౌలిలో తాకట్టు పెట్టిన ఇల్లు

గోపీచంద్ ఆటగాడిగా సాధించిన దానికంటే గురువుగా సాధించింది ఎక్కువ. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో అకాడమీకి 5 ఎకరాలు కేటాయించింది. భూమి ఉంది, కట్టడానికి డబ్బు లేదు. సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్ల రూపాయలు ఇచ్చారు. 2008లో అకాడమీ మొదలైంది. శంషాబాద్ విమానాశ్రయం, ఈ అకాడమీ రెండూ ఒకే ఏడాదివి. అలా గుర్తుపెట్టుకుంటే మర్చిపోరు.

అక్కడి నుంచి వచ్చిన ఫలితం చూడండి. హర్యానాలోని హిసార్‌లో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన సైనా నెహ్వాల్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచారు. బ్యాడ్మింటన్‌లో భారత్‌కు అదే తొలి ఒలింపిక్ పతకం. 2015లో ఆమె ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు అందుకున్నారు. కిడాంబి శ్రీకాంత్ 2017లో ఒకే ఏడాది 4 సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచారు. 2021 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం నెగ్గారు. పురుషుల సింగిల్స్‌లో మరే భారతీయుడూ అంతకుముందు ఫైనల్ దాకా వెళ్లలేదు. సాయి ప్రణీత్‌ది 2019లో కాంస్యం. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, ముంబయికి చెందిన చిరాగ్ శెట్టితో కలిసి 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్‌లో దేశానికి తొలి స్వర్ణం తెచ్చారు. 2022 మేలో ఇండోనేసియాను 3-0తో ఓడించి థామస్ కప్ గెలిచిన జట్టులో శ్రీకాంత్, సాత్విక్ ఇద్దరూ ఉన్నారు.

2016 ఆగస్టు 22, పైకప్పు లేని బస్సు

పూసర్ల వెంకట సింధు 1995 జులై 5న హైదరాబాద్‌లో పుట్టారు. తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి పీవీ రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, 2000లో అర్జున పురస్కార గ్రహీత. చిన్నప్పుడు సింధు సికింద్రాబాద్ వైపు నుంచి నగరం మరో కొసన ఉన్న గచ్చిబౌలికి, మళ్లీ ఇంటికి రోజూ 50 కిలోమీటర్లకు పైగా తిరిగి సాధన చేశారు. రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు ఆమె ఫోన్‌ను గోపీచంద్ తీసేసుకున్నారు. తండ్రి రైల్వే ఉద్యోగానికి నెలల తరబడి సెలవు పెట్టారు.

రియో ఫైనల్ 2016 ఆగస్టు 19న స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌తో జరిగింది. తొలి గేమ్‌లో 16-19తో వెనకబడిన సింధు వరుసగా ఐదు పాయింట్లు తీసి 21-19తో గెలిచారు. మిగతా రెండు గేమ్‌లు 12-21, 15-21తో చేజారాయి. ఆట ముగిసిన వెంటనే మారిన్ రాకెట్ వదిలేసి నేలకు ఒరిగి ఏడ్చేశారు. సింధు నెట్ దాటి వెళ్లి ఆమెను లేపి కౌగిలించుకున్నారు. తర్వాత కోర్టులో పడి ఉన్న మారిన్ రాకెట్‌ను తీసి, ఆమె సంచి దగ్గర పెట్టి వచ్చారు. స్వర్ణం పోయిన నిమిషంలో 21 ఏళ్ల అమ్మాయి చేసిన పని అది. స్కోరుతోపాటు దీన్నీ గుర్తుంచుకోండి.

ఒలింపిక్ రజతం గెలిచిన తొలి భారతీయ మహిళగా ఆమె ఆగస్టు 22న గోపీచంద్‌తో కలిసి శంషాబాద్‌లో దిగారు. విమానాశ్రయం నుంచి పైకప్పు లేని బస్సులో గచ్చిబౌలి స్టేడియం దాకా ఊరేగింపు సాగింది. దారి పొడవునా బడి పిల్లలు జెండాలు పట్టుకుని నిలబడ్డారు. తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 కోట్ల రూపాయలు ప్రకటించాయి. మరునాడు విజయవాడలో సన్మానం జరిగింది. 2017లో ఆంధ్రప్రదేశ్ ఆమెకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది.

ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆమెవి ఐదు పతకాలు. 2013, 2014లో కాంస్యాలు, 2017, 2018లో రజతాలు, 2019లో స్వర్ణం. ఇక్కడ క్రమం మీద ప్రశ్న అడుగుతారు. 2017 గ్లాస్గో ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహరా 110 నిమిషాలు పోరాడి సింధును ఓడించారు. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో అదే ఒకుహరాను సింధు 21-7, 21-7తో చిత్తుచేశారు. ఆ మ్యాచ్‌కు 40 నిమిషాలు కూడా పట్టలేదు. బ్యాడ్మింటన్‌లో భారత్‌కు తొలి ప్రపంచ స్వర్ణం అది. 2021 ఆగస్టు 1న టోక్యోలో కాంస్యంతో, రెండు వ్యక్తిగత ఒలింపిక్ పతకాలున్న తొలి భారతీయ మహిళ అయ్యారు. అప్పటికి ఆమె కోచ్ దక్షిణ కొరియాకు చెందిన పార్క్ టే సాంగ్. టోక్యో కోచ్‌గా గోపీచంద్ పేరు గుర్తించి మార్కు పోగొట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సింధుది సింగిల్స్ స్వర్ణం.

నిజామాబాద్ నుంచి ఇస్తాంబుల్‌కు

బాక్సర్ నిఖత్ జరీన్ 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టారు. 2011లో తుర్కియేలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచారు. 2017లో భుజం ఎముక తప్పి శస్త్రచికిత్స జరిగింది. ఏడాది దాకా బరిలోకి దిగలేదు. అంతటి దెబ్బ తగిలిన భుజంతోనే 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి, 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయ్యారు. మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ, లేఖ తర్వాత ప్రపంచ టైటిల్ గెలిచిన ఐదో భారతీయ మహిళ ఆమె. 2023లో న్యూఢిల్లీలో మళ్లీ గెలిచారు, ఈసారి 50 కిలోల విభాగంలో. ఈ బరువు మార్పు మీదే ప్రశ్న తిరుగుతుంది. 2022 కామన్వెల్త్ స్వర్ణం కూడా 50 కిలోల విభాగానిదే. తెలంగాణ ప్రభుత్వం ఆమెకు 2 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, 2024లో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది.

కల్లెడ దీప్తి

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి పేరు ఇంకా చాలామంది నోట్సుల్లోకి ఎక్కలేదు. ఎక్కాలి. పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం. చిన్నప్పుడు ఊళ్లో కొందరు ఆమెకు పెట్టిన పేర్లు ఇక్కడ రాయదగినవి కావు. కూలి పనులు చేసుకునే తల్లిదండ్రులు ఉన్న కొద్దిపాటి భూమినీ అమ్ముకోవాల్సి వచ్చింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 400 మీటర్ల టీ20 విభాగంలో స్వర్ణం గెలిచాక, ఆ నగదు బహుమతితో మళ్లీ భూమి కొన్నారు.

2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 55.07 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం గెలిచారు. సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం సాధించారు. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 స్థాయి ఉద్యోగం ప్రకటించింది. టీ20 అంటే పొట్టి క్రికెట్ కాదు, మేధో వైకల్యం ఉన్న అథ్లెట్ల పరుగు, జంప్ పోటీలకు పారా అథ్లెటిక్స్ ఇచ్చే వర్గీకరణ సంకేతం.

సిరాజ్, త్రిష

శంషాబాద్‌లో దిగినవారందరికీ ఊరేగింపు ఉండదు. ఆటోడ్రైవర్ మహ్మద్ గౌస్ కొడుకు, క్రికెటర్ మహ్మద్ సిరాజ్ 2020 నవంబరులో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి మరణవార్త విన్నాడు. క్వారంటైన్ రోజులు కావడంతో కడచూపుకు రాలేక జట్టుతోనే ఉండిపోయాడు. అక్కడి టెస్టు సిరీస్‌లో మూడు టెస్టుల్లో 13 వికెట్లతో భారత్ తరఫున అందరికంటే ముందు నిలిచాడు. బ్రిస్బేన్‌లోని గబ్బాలో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. 2021 జనవరి 21న శంషాబాద్‌లో దిగి, ఇంటికి వెళ్లకుండా నేరుగా ఖైరతాబాద్‌లోని తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు తీశాడు. శ్రీలంక 50 పరుగులకే ఆలౌటైంది. 2024లో టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులోనూ అతనున్నాడు. అదే ఏడాది తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ అయ్యాడు.

భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో 309 పరుగులు, 7 వికెట్లతో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. స్కాట్లాండ్‌పై ఆమె చేసిన 110 నాటౌట్ ఆ టోర్నీ చరిత్రలోనే తొలి శతకం.

టెన్నిస్, షూటింగ్, చదరంగం

సానియా మీర్జావి 6 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు, మూడు మహిళల డబుల్స్‌లో, మూడు మిక్స్‌డ్ డబుల్స్‌లో. సింగిల్స్‌లో ఒక్కటీ లేదు. గగన్ నారంగ్‌ది 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ విజేత. 2024 బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో భారత్ ఓపెన్, మహిళల జట్లు రెండూ స్వర్ణాలు గెలిచాయి. వాటిలో వరంగల్‌కు చెందిన ఇరిగేశి అర్జున్, గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక ఉన్నారు.

పురస్కారాల దగ్గర జాగ్రత్త

అర్జున 1961లో, ద్రోణాచార్య 1985లో, ఖేల్‌రత్న 1991-92లో మొదలయ్యాయి. మొదటిది క్రీడాకారులకు, రెండోది శిక్షకులకు, మూడోది క్రీడాకారులకు ఇచ్చే అత్యున్నత గౌరవం. 2021 ఆగస్టులో ఖేల్‌రత్నకు రాజీవ్ గాంధీ పేరు స్థానంలో మేజర్ ధ్యాన్‌చంద్ పేరు పెట్టారు. ఆయన జన్మదినం ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం. అర్జున, ఖేల్‌రత్న, ద్రోణాచార్య మూడూ అందుకున్న అరుదైన తెలుగువాడు గోపీచంద్. సింధుకు 2016లో ఖేల్‌రత్న, 2020లో పద్మభూషణ్ వచ్చాయి.

వ్యాసరూప ప్రశ్నకు ఒక మాట

ఈ జీవితాలన్నిటిలో నాకు కనిపించిన పోలిక ఒకటే. డబ్బు అవసరమైనప్పుడు ఇల్లు తాకట్టు పడింది, భూమి అమ్ముడుపోయింది, తండ్రి సెలవు పెట్టాడు. ప్రభుత్వాలు కోట్ల రూపాయలు మాత్రం పతకం గెలిచాకే ప్రకటించాయి. ప్రభుత్వాలు ఇచ్చిన ప్రోత్సాహం చిన్నదని అనను. కానీ అందులో కొంత భాగమైనా మండల స్థాయి మైదానాలకు, శిక్షకుల జీతాలకు, పౌష్టికాహారానికి ముందే చేరితే కల్లెడ లాంటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. క్రీడా విధానంపై ప్రశ్న వస్తే ఈ వాదనను పై ఉదాహరణలతో ధైర్యంగా రాయండి.

పతకాలు, వాటి సంవత్సరాలు మారవు. ర్యాంకులు, రికార్డులు, ఉద్యోగ హోదాలు, పురస్కార నగదు మారుతుంటాయి. వాటిని పరీక్షకు నెల ముందు మరోసారి సరిచూసుకోండి.